పిసినారి ఇంట్లో ధీరలలితుడు

సంస్కృత అలంకారికులు నాటక నాయకులను నాలుగు రకాలుగా విభజించి, బరువు బాధ్యతలను ఇతరులకు వదిలి కళలతోనూ ప్రేమతోనూ పొద్దుపుచ్చే నిశ్చింతుడిని ధీరలలితుడన్నారు. భాసుడి ‘స్వప్నవాసవదత్త’లోని ఉదయనుడు ఈ కోవకు చెందినవాడే. తెలుగు సినిమాలో ఈ నాయకుడు జమీందారు బిడ్డగా వేషం మార్చుకుని, ‘దేవదాసు’ (1953), ‘ప్రేమనగర్’ (1971) వంటి చిత్రాలలో సీసా చేతబట్టి ప్రేక్షకులను ఏడిపించాడు.

అతడి చేత నవ్వించే పని జంధ్యాల ‘అహ నా పెళ్ళంట’ (1987)లో పెట్టుకున్నారు. ఆదివిష్ణు నవల ‘సత్యంగారి ఇల్లు’ ఆధారంగా డి. రామానాయుడు నిర్మించిన ఈ చిత్రంలో డబ్బుకు లోటులేని ఇంట పుట్టిన కృష్ణమూర్తి (రాజేంద్రప్రసాద్), పరమలోభి లక్ష్మీపతి (కోట శ్రీనివాసరావు) కూతురు పద్మను ప్రేమిస్తాడు. పిసినారులంటే గిట్టని తండ్రి వియ్యానికి మొగ్గు చూపకపోవడంతో, తన ఆస్తి సంగతి దాచి, మామను మించిన పిసినారిగా నటించి పిల్లను గెలుచుకోవలసిన పని కృష్ణమూర్తి మీద పడుతుంది. ప్రేమకథల్లో సాధారణంగా లేమి అడ్డుగోడ అవుతుంది; ఇక్కడ చేతికి ఎముక లేనితనమే అడ్డు. పద్మ పాత్రకు దక్కిన చోటు తక్కువే కనుక, ప్రేమకథ అని పేరేగాని, అసలు పోటీ మామా అల్లుళ్ల మధ్యనే నడుస్తుంది.

బట్ట అరిగిపోతుందని వార్తాపత్రికను చుట్టుకునే లక్ష్మీపతి, దూలానికి కోడిని వేలాడదీసి, దానిని చూస్తూ ఒట్టి అన్నాన్ని కోడికూరతో తిన్నట్టే ఆరగిస్తాడు. ఆ ముద్ద మింగేటప్పుడు కోట ముఖంలో వెటకారం ఇసుమంతైనా కనిపించదు, నిజమైన తృప్తే కనిపిస్తుంది. నవ్వంతా అక్కడే పుడుతుంది. గురజాడ ‘కన్యాశుల్కం’లోని లుబ్ధావధాన్లు కూడా లోభే అయినా, అతడి లోభం పిల్లల జీవితాలను బేరం పెడుతుంది, లక్ష్మీపతి లోభం మొదట మాడ్చేది తన కడుపునే.

ఆ తర్వాత మాడేది నౌకరు అరగుండు కడుపు. అత్తిలిలో తెలుగు అధ్యాపకుడిగా పనిచేసిన బ్రహ్మానందానికి ఇంటింటా పేరు తెచ్చిన ఈ పాత్ర, పైకి వినయంగా నిలబడి, లోలోపల యజమానికి శాపనార్థాలు పెడుతుంది. నాయకుడి పక్కన ఉండవలసిన విదూషకుడు, అంటే నవ్వించే తిండిపోతు చెలికాడు, ఇక్కడ మామగారి కొలువులో చిక్కుకున్నట్టుంది. భాసుడి విదూషకుడు రాజభోజనం అరగక బాధపడితే, అరగుండుకు అరగడానికి ఏదైనా దొరకడమే గగనం.