ఇంటికి ఇన్వర్టరు, బ్యాటరీ: కొనుటకు ముందు వేసికొనవలసిన లెక్క

కందులు తాండూరులో అమ్ముడుపోయి సొమ్ము చేతికి వచ్చిన దినములలోనే మన పెద్దేముల్ ప్రాంతపు రైతులు ఇంటికి ఇన్వర్టరు కొనవలెనని తలంతురు. చేతిలో సొమ్మున్నప్పుడు దుకాణదారుడు చూపిన పెద్ద యంత్రమే మేలని తోచుట సహజము. అయినను కొనుటకు ముందు ఒక అరగంటసేపు కాగితము, పెన్సిలు పుచ్చుకొని కూర్చుండిన రైతునకు నష్టము రాదు.

మొదట ఎన్ని గంటలకొఱకు కొనుచున్నామో తేల్చుకొనవలెను. 2014 నాటి కరెంటు కోతలు మనకు జ్ఞాపకమే. ఆనాడు పూటలకొలది చీకటిలో గడపినవారు ఎంత పెద్ద బ్యాటరీయైనను చాలదనుకొనిరి. 2018 జనవరి 1వ తేది నుండి రాష్ట్రమున వ్యవసాయమునకు సహితము 24 గంటల సరఫరా ఆరంభమైనది. ఇప్పటి యంతరాయములు పెక్కింటికి వైశాఖమాసపు ఈదురుగాలులు, పిడుగులు, తీగలు తెగుట, ట్రాన్సుఫార్మరు కాలుట కారణములు. కావున రెండు నెలలపాటు కరెంటు పోయిన వేళను, వచ్చిన వేళను గోడమీది క్యాలెండరులో గుర్తించుకొనుడు. అనేక గృహములకు మూడు గంటల ఏర్పాటు చాలునని నా తలంపు.

ఇన్వర్టరు మోటవంటిది, బ్యాటరీ బావివంటిది. మోటబొక్కెన ఎంత పెద్దదైనను బావిలోని నీరు పెరుగదు గదా. ఈ భేదమెఱుగక నేను తొలుత పెద్ద యంత్రమును, చిన్న బ్యాటరీని కొంటిని. ఆ దుకాణదారుడు ఆరు గంటలు నడచునని చెప్పెను; గంటన్నరకే ఇల్లు చీకటియయ్యెను. మఱునాడు పరీక్షకు పోవలసిన మా పిల్లవాడు సెల్‌ఫోను వెలుతురులో చదువుకొనెను.

ఇక లెక్క. సాధారణమైన పంకా ఒక్కటికి 75 వాట్ల చొప్పున రెండింటికి 150. తొమ్మిది వాట్ల ఎల్‌.ఇ.డి. దీపములు నాలుగింటికి 36, చిన్న టి.వి.కి 50, ఇంటర్నెట్టు పెట్టెకు 10, రెండు సెల్‌ఫోనులకు 20. మొత్తము 266 వాట్లు. మూడు గంటలకు 798 వాటు-గంటలు కావలెను.

బ్యాటరీపై 150 ఆంపియరు-గంటలని యుండినచో దానిని 12 ఓల్టులచే హెచ్చింపగా 1800 వాటు-గంటలగును. కాని అది యంతయు మనకు దక్కదు. ఆ 150 అను సంఖ్య ఇరువది గంటలపాటు మెల్లగా తోడినప్పటిది. మనము వడిగా తోడుదుము గనుక అయిదవవంతు తగ్గి 1440 మిగులును. కరెంటును మార్చుటలో యంత్రము నూటికి 15 వంతుల వఱకు తినును, మిగిలినది 1224. బావిని అడుగంట తోడరాదు. మాటిమాటికి పూర్తిగా ఖాళీచేసినచో సీసపు బ్యాటరీ ఆయువు క్షీణించును. మూడవవంతు విడిచినచో 816. మన యవసరము 798. కావున ఈ బ్యాటరీ సరిపోవును. 900 వి.ఏ. ఇన్వర్టరు సుమారు 700 వాట్లను మోయగలదు గనుక అంతకు మించినది అక్కఱలేదు. ఫ్రిజ్జు, ఇస్త్రీపెట్టె, నీటి మోటారు దీనికి తగిలింపరాదు.

దుకాణదారులు సాధారణముగా చెప్పని సంగతి యొకటి కలదు. ఆ రెండు పంకాలను తీసి, ముప్పది వాట్లతో తిరుగు బి.ఎల్‌.డి.సి. పంకాలను పెట్టినచో మొత్తము 176 వాట్లకు దిగును. మూడు గంటలకు 528. పై లెక్క ప్రకారమే 100 ఆంపియరు-గంటల బ్యాటరీ 544 ఇచ్చును. బ్యాటరీకి పెట్టదలచిన సొమ్ములో కొంత పంకాలకు పెట్టుట మేలు. కరెంటు ఉన్న దినములందును బిల్లు తగ్గును.

యంత్రము సైను తరంగములది కావలెను. చదరపు తరంగముల యంత్రమునకు వెల తక్కువే. కాని దానిపై పంకా గుయ్యిమని మూలుగును, మోటారు వేడెక్కును. యంత్రము వెనుక యు.పి.ఎస్‌. అనియు ఇన్వర్టరు అనియు మీట యుండును. యు.పి.ఎస్‌. వైపు త్రిప్పినచో సెకనులో నూఱవవంతునకు అటునిటుగా కరెంటు మాఱును, కంప్యూటరు ఆగదు. అయితే ఆ వైపున 180 ఓల్టులకు తగ్గినంతనే యంత్రము బ్యాటరీకి మాఱును. లైను చివరనున్న తండాలలోను, పొలములలోని యిండ్లలోను ఓల్టేజి తఱచు తగ్గుచుండును. అట్టిచోట లైనులో కరెంటు ఉండగనే బ్యాటరీ కరిగిపోవును గనుక మీటను ఇన్వర్టరు వైపే ఉంచవలెను.

సీసపు బ్యాటరీలలో ట్యూబులరు రకము పలకల రకముకంటె ఎక్కువకాలము మన్నును. దానిలో రెండు మూడు నెలలకొకసారి మట్టము చూచి డిస్టిల్డు వాటరు మాత్రమే పోయవలెను. మన బోరునీటిలోని సున్నము దానిని చెఱచును, ఆసిడ్డును ఎన్నడును పోయరాదు. ఛార్జి యగునప్పుడు మండెడి వాయువు పుట్టును గనుక పడకగదిలోను, దేవునిదీపము చెంతను ఉంచక గాలివచ్చు చోట ఉంచుడు. లిథియం బ్యాటరీకి నీరు పోయు పని లేదు, ఆయువు ఎక్కువ, వెలయు ఎక్కువే. దానికి తగిన ఇన్వర్టరే కావలెను.

తీగలు కలుపుట ఎలక్ట్రీషియను చేతనే చేయింపుడు. ఇన్వర్టరు కరెంటును గోడసాకెట్టులోనికి ఎక్కించుట కొందఱకు అలవాటు. అది లైనులోనికి వెనుకకు పోయి, స్తంభమెక్కిన లైన్‌మన్‌ ప్రాణము తీయగలదు.

పాత బ్యాటరీలోని సీసమునకు వెల కలదు. కొత్తది కొనునప్పుడు దానిని దుకాణమునకే ఇచ్చి బిల్లులో తగ్గింపించుకొనుడు. పగులగొట్టి ఆసిడ్డును చేనిగట్టున పాఱబోయకుడు.