నేను పెట్టింది నా కీ, సర్వర్ వాడింది సీనియర్ అన్న కీ

ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ రివ్యూకి ముందు రోజు రాత్రి. ల్యాబ్‌లో మూలకున్న పాత మెషీన్ మీద జెంకిన్స్ నడుస్తుంది, అదే మా బిల్డ్ సర్వర్. అది మా వెబ్‌సైట్‌ని బిల్డ్ చేసి ఏడబ్ల్యూఎస్‌లోని మా ఎస్3 బకెట్‌లోకి ఎక్కించాలి. బిల్డ్ బాగానే అయింది. అప్‌లోడ్ దగ్గర మాత్రం ఎర్ర గీత: "యాక్సెస్ డినైడ్". అదే కమాండ్ నా లాప్‌టాప్‌లో కొడితే నిమిషంలో పని అయిపోతోంది.

కీ తప్పేమో అనుకుని కొత్త కీ తయారు చేశాను. అదే ఎర్రర్. ఇంకోటి చేద్దామంటే ఏడబ్ల్యూఎస్ ఒప్పుకోలేదు, ఒక యూజర్‌కి రెండే కీలు ఇస్తుంది. సర్వర్‌లో నా లాగిన్ కింద ఉన్న బాష్‌ఆర్‌సీ ఫైల్‌లో కీ ఎక్స్‌పోర్ట్ చేశాను. టెర్మినల్‌లో పనిచేసింది, బిల్డ్‌లో చేయలేదు. చివరికి జెంకిన్స్ యూజర్ హోమ్ ఫోల్డర్‌లోనే క్రెడెన్షియల్స్ ఫైల్ పెట్టాను. అయినా "యాక్సెస్ డినైడ్". టైమ్ పదకొండు దాటింది.

"ఒరేయ్, బిల్డ్‌లో ప్రింట్‌ఎన్వ్ పెట్టి చూడరా, లోపల ఏముందో తెలిసిపోతుంది" అన్నాడు ఫ్రెండ్. పెట్టాను. తెలిసిపోయింది. లాగ్‌లో ఒక యాక్సెస్ కీ, దాని కింద పూర్తి సీక్రెట్ కీ. ఆ రెండూ నావి కావు!

అసలు జరిగింది ఏంటి?

ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అంటే మెషీన్ మొత్తానికి గోడ మీద అంటించిన నోటీసు అని నేను అనుకునేవాడిని. అది కాదు. ప్రతి ప్రాసెస్‌కి దాని సొంత కాపీ ఉంటుంది. ఆ కాపీ పుట్టేటప్పుడు తల్లి ప్రాసెస్ నుంచి వస్తుంది. హాస్టల్‌కి వెళ్లేటప్పుడు అమ్మ సంచిలో ఏం సర్దిందో అదే మనతో వస్తుంది కదా. మనం బస్సెక్కాక ఇంట్లో ఎంత మంచి పచ్చడి కలిపినా మన సంచిలోకి రాదు. ఇదీ అంతే.

నేను బాష్‌ఆర్‌సీలో రాసింది నా లాగిన్ సంచి. జెంకిన్స్ నా కింద పుట్టలేదు. మెషీన్ ఆన్ అయినప్పుడు సిస్టమ్‌డీ దాన్ని వేరే యూజర్ పేరుతో మొదలుపెడుతుంది, నా ఫైల్ వైపు చూడనే చూడదు. ఒక స్టెప్‌లో ఎక్స్‌పోర్ట్ చేసింది తర్వాతి స్టెప్‌కి అందకపోవడానికి కారణం కూడా ఇదే. పైప్‌లైన్‌లో ప్రతి షెల్ స్టెప్ ఒక కొత్త షెల్, అది అయిపోగానే దాని సంచి కూడా పోతుంది.

మరి ఫైల్ సరైన చోటే పెట్టాను కదా? ఇక్కడే అసలు తిరకాసు. ఏడబ్ల్యూఎస్ టూల్ కీ కోసం ఒక వరుసలో వెతుకుతుంది. మామూలుగా ముందు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, తర్వాత క్రెడెన్షియల్స్ ఫైల్, అమెజాన్ మెషీన్ మీద ఉంటే చివర్లో దాని రోల్. మొదట ఎక్కడ దొరికితే అక్కడే ఆగిపోతుంది. ఎప్పుడో ఒక సీనియర్ అన్న తన ప్రాజెక్ట్ కోసం జెంకిన్స్ సర్వీస్ ఫైల్‌లోనే తన కీ రాశాడు. పాసై వెళ్లిపోయాడు. కీ మాత్రం ఉండిపోయింది. సర్వర్ నా ఫైల్ దాకా రాలేదు, అన్న పేరుతో వెళ్లి మా బకెట్ తలుపు తట్టింది. లోపలికి రానివ్వలేదు, అంతే.

నేను ముందే చేయాల్సింది

"యాక్సెస్ డినైడ్" అంటే చాలాసార్లు "నువ్వెవరో తెలుసు, కానీ నీకు పర్మిషన్ లేదు" అని అర్థం. కాబట్టి మొదటి ప్రశ్న "కీ కరెక్టేనా?" అని కాదు, "నేను ఎవరిగా వెళ్తున్నాను?" అని. దానికి రెండు కమాండ్లు చాలు, రెండూ బిల్డ్ లోపలే నడపాలి. "ఏడబ్ల్యూఎస్ ఎస్‌టీఎస్ గెట్ కాలర్ ఐడెంటిటీ" అకౌంట్ నంబర్, యూజర్ పేరు చెబుతుంది. "ఏడబ్ల్యూఎస్ కన్ఫిగర్ లిస్ట్" కీ ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతుంది. కీలో చివరి నాలుగు అక్షరాలే చూపించి మిగతావి చుక్కలతో కప్పేస్తుంది. ఈ రెండూ కొట్టి ఉంటే ప్రింట్‌ఎన్వ్ అవసరమే వచ్చేది కాదు.

మిగతా ఎర్రర్లు కూడా వాటి భాషలో విషయం చెప్పేస్తాయి:

- "అనేబుల్ టు లొకేట్ క్రెడెన్షియల్స్": సంచి ఖాళీ. వేరియబుల్ ఆ ప్రాసెస్‌కి అందలేదు.
- "ఇన్‌వాలిడ్ యాక్సెస్ కీ ఐడీ": ఆ కీ లేదు, లేదా ఎవరో తీసేశారు. కీ "ఏఎస్ఐఏ" అని మొదలైతే అది తాత్కాలిక కీ. దానికి సెషన్ టోకెన్ కూడా కావాలి. రెండే పెట్టి మూడోది మర్చిపోయినా ఇదే ఎర్రర్ రావచ్చు.
- "సిగ్నేచర్ డజ్ నాట్ మ్యాచ్": సీక్రెట్ తప్పు. కాపీ పేస్ట్‌లో అక్షరం పోయిందో, చివర స్పేస్ చేరిందో చూడండి. సీక్రెట్‌లో 40 అక్షరాలు ఉండాలి. విలువ ప్రింట్ చేయకుండా పొడవు మాత్రం లెక్కపెట్టండి.
- "ఎక్స్‌పైర్డ్ టోకెన్": తాత్కాలిక కీ గడువు అయిపోయింది.
- "రిక్వెస్ట్ టైమ్ టూ స్క్యూడ్": సర్వర్ గడియారం తప్పు. ఎస్3 15 నిమిషాల తేడా దాటితే ఒప్పుకోదు.

ఆ రాత్రి ఫోన్ కాల్

మా జెంకిన్స్ లాగ్‌లు ల్యాబ్ నెట్‌వర్క్‌లో లాగిన్ లేకుండానే తెరుచుకుంటాయి. అంటే అన్న సీక్రెట్‌ని నేనే అందరి ముందూ పెట్టేశాను. బిల్డ్ డిలీట్ చేశాను. కానీ ఒకసారి బయటపడ్డ కీని ఎవరు చూశారో, ఎవరు కాపీ చేసుకున్నారో చెప్పలేం. దాచడం కాదు, ఆ కీని చంపేయడమే మందు. సీనియర్ల గ్రూప్‌లో నంబర్ వెతికి ఫోన్ చేశాను.

"అన్నా, సారీ, నిద్ర లేపినట్టున్నాను. ల్యాబ్ సర్వర్‌లో మీ కీ..."

రెండు సెకన్లు నిశ్శబ్దం. "అది ఇంకా బతికే ఉందా? ఆ అకౌంట్‌కి నా కార్డు లింక్ అయి ఉంది రా!"

తిడతాడనుకున్నాను. ఫోన్ పెట్టకుండానే లాగిన్ అయి కీ డిలీట్ చేశాడు, బిల్లు చూసుకున్నాడు, ఏమీ పడలేదు. "మంచి పని చేశావ్, చెప్పకుండా ఊరుకుని ఉంటే ఏమయ్యేదో" అన్నాడు. అప్పుడు గానీ నాకు ఊపిరి ఆడలేదు.

తర్వాత సర్వీస్ ఫైల్‌లో ఆ లైన్లు తీసేసి, సిస్టమ్‌డీని రీలోడ్ చేసి, జెంకిన్స్‌ని రీస్టార్ట్ చేశాం. రీస్టార్ట్ తప్పదు, పాత ప్రాసెస్ దగ్గర పాత సంచే ఉంటుంది మరి. మా కీని జెంకిన్స్ క్రెడెన్షియల్స్ స్టోర్‌లో పెట్టి, అప్‌లోడ్ స్టెప్‌కి మాత్రమే అందేలా చేశాం. ఆ కీకి మా ఒక్క బకెట్‌లో రాసే పర్మిషన్ తప్ప ఇంకేమీ ఇవ్వలేదు. ఇలా పెడితే లాగ్‌లో సీక్రెట్ స్థానంలో చుక్కలు కనిపిస్తాయి. కానీ దాన్ని నమ్ముకోకండి, బేస్64లోకి మార్చి ప్రింట్ చేస్తే ఆ ముసుగు పట్టుకోలేకపోవచ్చు. మీ బిల్డ్ గిట్‌హబ్ యాక్షన్స్‌లో ఉంటే ఓఐడీసీ వాడండి, దాచుకోవాల్సిన శాశ్వత కీ అనేదే ఉండదు.

ఒంటిగంటకి బిల్డ్ పచ్చగా మారింది. రివ్యూ అయిపోయింది, మార్కులు కూడా పర్లేదు. రేపు మేమూ పాసై వెళ్లిపోతాం. అందుకే ప్రాజెక్ట్ రీడ్‌మీలో చివరి పనిగా ఒక లైన్ రాసి పెట్టాను: "వెళ్లే ముందు మన కీలు తీసేయాలి." మీరు కూడా ఏ ల్యాబ్ మెషీన్‌లో ఏం వదిలేశారో ఈ వారమే ఒకసారి చూసుకోండి. లేదంటే ఏదో ఒక అర్ధరాత్రి మీకూ ఒక జూనియర్ ఫోన్ చేస్తాడు. అదీ మీ అదృష్టం బాగుంటే.