బహిష్టును వాయిదావేయు మాత్ర



పెండ్లికో వ్రతమునకో ముహూర్తము కుదిరినతోడనే మన యిండ్లలో ఆడువారు వ్రేళ్లపై దినములు లెక్కించుకొందురు. లెక్క ప్రతికూలించెనేని మందుల దుకాణమునకు పిల్లవానిని పంపి, బహిష్టును వెనుకకు నెట్టు మాత్రలు తెప్పించుకొందురు. వాని పేరు నోరెథిస్టెరాన్. 1951లో మెక్సికో నగరమునందలి సింటెక్సు ప్రయోగశాలలో, అడవిపెండలము మూలముగా తీసిన పదార్థమునుండి ఈ మందును కల్పించిరి. వైద్యులు సాధారణముగా 5 మిల్లీగ్రాముల మాత్రను దినమునకు మూడుమార్లు, బహిష్టుకు మూడు దినములు ముందునుండి వాడింతురు. మానిన రెండుమూడు దినములకు స్రావము కలుగును.

గత మాఘమాసమున మా వీధిలో ఒక పెండ్లి జరిగెను. ఆ యింటి కోడలు ఒక్కపూటయు తప్పక మాత్రలు మ్రింగియు, పెండ్లినాటి యుదయముననే బహిష్టయ్యెను. మ్రింగితినని బొంకినావని అత్తగారు పదిమందిలో నిందించిరి. ఆ పిల్ల కంటికి మంటికి ఏకధారగా నేడ్చినది. మేము ఆమెను వైద్యురాలికడకు తీసికొనిపోతిమి. ఇంకే మందులు వాడుచున్నావని వైద్యురాలు మొదటనే యడిగెను. పిల్ల తలవంచుకొని, క్షయకు చికిత్స జరుగుచున్నదని చెప్పినది. బయట చెప్పవలదని యింటివారి యాజ్ఞయట! గుట్టు దాచుమన్నది యెవరు, నింద మోసినది యెవరు?

క్షయకిచ్చు రిఫాంపిసిన్, అదే మూత్రమునకు నారింజవన్నె తెచ్చు మందు, కాలేయమును త్వరపెట్టి ఈ మాత్రను శీఘ్రముగా విఱిచివేయును. మూర్ఛకిచ్చు ఫెనిటాయిన్, కార్బమజెపిన్ అను మందులును అట్టివే. వానిని మానిన పిదపను కొన్నివారముల వరకు ఆ ప్రభావముండును. అట్లని పండుగకొఱకు క్షయమందునుగాని మూర్ఛమందునుగాని ఆపుట ప్రాణాపాయము. మూత్రపిండము మార్పించుకొని సైక్లోస్పోరిన్ వాడువారికి చిక్కు వేఱు: ఈ మాత్రవలన ఆ మందే రక్తమున హెచ్చవచ్చును.

గర్భమున్నదని యనుమానమున్నవారును, కాలేయవ్యాధిగలవారును, పూర్వము రక్తము గడ్డకట్టినవారును, కారణము తెలియని స్రావమున్నవారును దీనిని ముట్టరాదు. ఈ మాత్రలో కొంతభాగము దేహమున ఈస్ట్రోజెనుగా మాఱును. రక్తము గడ్డకట్టు భయము అందువలననే. ఒకకాలి పిక్క వాచి నొచ్చినను, ఎదలో నొప్పియో ఆయాసమో తోచినను, హఠాత్తుగా తీవ్రమైన తలనొప్పి వచ్చినను, చూపు మందగించినను, కన్నులు పచ్చబడినను మాత్ర మాని తత్‌క్షణము వైద్యునికడకు పోవలెను. బహిష్టు ఆగినది గదా, గర్భము రాదని తలంచుటయు పొరపాటే. ఈవిధముగా కొన్నిదినములు వాడిన మాత్ర గర్భనిరోధమునకు పనికిరాదు.

వైద్యురాలి మాట మేము పోయి అత్తగారికి చెప్పితిమి. ఆమె బదులు పలుకలేదు. మరునాడు ఉదయమున కోడలి క్షయమందులను, గ్లాసెడు నీళ్లను ఆమెయే తెచ్చి యిచ్చినదట.