మీకు తెలుసా? కనిపించని సిరాతో ఓటేసిన దేశం

ఓటేసిన వేలికి సిరా చుక్క పెట్టడం మనకు కొత్త కాదు. కానీ ఆ గుర్తు కంటికి కనిపించకుండా జరిగిన ఎన్నికల గురించి విన్నారా? 1994 ఏప్రిల్‌లో దక్షిణాఫ్రికా నల్లజాతి ప్రజలందరికీ మొట్టమొదటిసారి దేశ ఎన్నికల్లో ఓటు దక్కింది. అప్పుడు చేతులకు పూసిన ద్రవం మామూలు వెలుతురులో కనపడదు. అతినీలలోహిత దీపం కింద పెడితేనే మెరుస్తుంది. రెండోసారి ఓటేయాలని వచ్చినవాణ్ణి ఆ దీపం పట్టేస్తుంది. ఇంటికి వెళ్లే దారిలో ఎవరైనా అడ్డగించి చెయ్యి చూపించమంటే మాత్రం అక్కడ ఏమీ ఉండదు.

ఇదేమంత గొప్ప అనుకోకండి. 2014 జూన్‌లో అఫ్గానిస్తాన్‌లోని హెరాత్ ప్రాంతంలో ఓటేసినందుకు 11 మంది వేళ్లు తాలిబన్లు నరికేశారు. వాళ్లను పట్టించింది వేలిపై కనిపించే సిరాయే. 2008 జూన్‌లో జింబాబ్వేలో దీనికి పూర్తిగా తలకిందులు. హింస భరించలేక ప్రతిపక్ష అభ్యర్థి పోటీ నుంచి తప్పుకున్నారు. అయినా ఓటింగ్ జరిపించారు. పాలకపక్షం మనుషులు వేలికి సిరా లేనివాళ్ల కోసం వెతికారు.

దక్షిణాఫ్రికాలో ఆ ఏప్రిల్ అన్నిటికన్నా ఎక్కువగా భయపెట్టింది నాటాల్ ప్రాంతాన్ని. అక్కడ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ (ఏఎన్‌సీ)కు, బుతెలేజీ నాయకత్వంలోని ఇన్‌కాతా పార్టీకి మధ్య దాదాపు పదేళ్లుగా చంపుకోవడమే. రెండువైపులా ఎక్కువమంది జులూ జాతివాళ్లే, ఒకే భాష మాట్లాడేవాళ్లే. ఒక పార్టీ పట్టున్న ఊళ్లోకి రెండో పార్టీవాళ్లు అడుగుపెట్టలేని పరిస్థితి. మార్చి 31న అక్కడ అత్యవసర పరిస్థితి ప్రకటించారు. తర్వాత కొద్దిరోజులకే, ఎన్నికల గురించి చెప్పే కరపత్రాలు పంచడానికి కూలికి వెళ్లిన కొందరు యువకులను ఎన్‌డ్వెడ్వే అనే చోట పట్టుకుని హింసించి చంపారు. వాళ్లు ఏ పార్టీ ప్రచారానికీ వెళ్లినవాళ్లు కాదు. ఓటు ఎలా వేయాలో చెప్పే కాగితం చేతిలో ఉండటమే వాళ్ల నేరమైంది.

ఇలాంటి చోట బాంబు కన్నా పక్కింటివాడి కన్నే ఎక్కువ భయపెడుతుందని నా నమ్మకం. ఎవరికి వేశానో ఊరి పెద్దకు తెలిసిపోతే? పొలం యజమానికి తెలిస్తే? అందుకే ఆనాటి ఓటరు శిక్షణలో మళ్లీ మళ్లీ చెప్పిన మాట ఒక్కటే: నీ ఓటు నీకు తప్ప ఎవరికీ తెలియదు.

ఇంకో సంగతి. ఆ ఎన్నికలకు ఓటర్ల జాబితానే లేదు! గుర్తింపు పత్రమో, తాత్కాలిక ఓటరు కార్డో ఉంటే దేశంలో ఏ పోలింగ్ కేంద్రానికైనా వెళ్లి ఓటేయవచ్చు. లెక్కలు చూసేవారికి అదొక పీడకలే. సొంత ఊళ్లో ప్రాణభయం ఉన్న మనిషికి మాత్రం అంతకు మించిన వెసులుబాటు లేదు.

ఎన్నికలను బహిష్కరిస్తున్న ఇన్‌కాతాను ఒప్పించడానికి అమెరికా మాజీ విదేశాంగ మంత్రి కిసింజర్ అంతటివాడు వచ్చి, వట్టి చేతులతో తిరిగి వెళ్లిపోయాడు. పని సాధించింది కెన్యాకు చెందిన ప్రొఫెసర్ వాషింగ్టన్ ఒకుము. ఏప్రిల్ 19న, అంటే ఓటింగ్‌కు సరిగ్గా వారం ముందు, బుతెలేజీ పోటీకి ఒప్పుకున్నాడు. అప్పటికే కోట్లాది బ్యాలెట్ పత్రాలు బ్రిటన్‌లో అచ్చయిపోయాయి. ఏం చేశారో తెలుసా? ఇన్‌కాతా పేరు, నాయకుడి ఫొటో ఉన్న స్టిక్కర్లు అచ్చువేయించి ఆ పత్రాల అడుగున అంటించారు. ఆ చిన్న కాగితం ముక్క ఎన్ని ప్రాణాలు కాపాడిందో లెక్కకట్టడం ఎవరి తరమూ కాదు.

బాంబులూ పేలాయి. శ్వేతజాతి తీవ్రవాదులు ఏప్రిల్ 24న జొహానెస్‌బర్గ్‌లో పేల్చిన కారు బాంబుకు 9 మంది, మర్నాడు జెర్మిస్టన్‌లో 10 మంది చనిపోయారు. 27న ఉదయం విమానాశ్రయంలో మరొకటి పేలింది. ఆ రోజే దేశమంతటా జనం మైళ్ల పొడవున బారులు తీరారు. ఓటింగ్ జరిగిన రోజులన్నీ కలిపి దాదాపు 1.97 కోట్ల ఓట్లు పడ్డాయి.

75 ఏళ్ల నెల్సన్ మండేలా తన జీవితంలో మొదటి ఓటు ఎక్కడ వేశాడు? హింసతో రగిలిన ఆ నాటాల్‌లోనే, డర్బన్ పక్కన ఇనాండాలోని ఓలాంగే పాఠశాలలో. ఆ బడి స్థాపకుడు, ఏఎన్‌సీ మొదటి అధ్యక్షుడు జాన్ డూబే సమాధి అక్కడే ఉంది. ఆ దగ్గర్లోనే గాంధీజీ ఫీనిక్స్ ఆశ్రమం. 1985 ఆగస్టు అల్లర్లలో ఇనాండా నుంచి భారతీయ కుటుంబాలు ఇళ్లు వదిలి పారిపోవలసి వచ్చింది. ఆశ్రమాన్ని తగలబెట్టారు. మండేలా ఎంచుకున్న చోటు అదీ!

నాటాల్ చెరకు తోటలకు 1860 నుంచి కూలీలుగా వెళ్లినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల వారసులు డర్బన్‌లో 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. 1984లో తెల్ల ప్రభుత్వం భారతీయుల కోసం ఒక విడి సభను సృష్టించి ఓటిస్తామంటే చాలామంది దాన్ని బహిష్కరించారు, నల్లవాళ్లకు ఓటు లేదు గనక. 1994లో పొరుగింటి జులూతో కలిసి ఒకే వరుసలో నిలబడ్డారు.

నాటాల్ రాష్ట్ర ఎన్నికల్లో ఇన్‌కాతా 50.3 శాతంతో గెలిచింది. బుతెలేజీని, దేశాధ్యక్షుడైన మండేలా తన మంత్రివర్గంలో హోంమంత్రిగా తీసుకున్నాడు. హత్యలు తగ్గాయి గాని ఆగలేదు. 1995 క్రిస్మస్ రోజున షోబషోబనే గ్రామంలో 19 మందిని చంపారు. తర్వాతి కాలంలో పార్టీల లోపలే స్థానిక పదవుల కోసం రాజకీయ హత్యలు జరుగుతూ వచ్చాయి. వాటిపై విచారణకు 2016లో మొయెరానే కమిషన్‌ను నియమించవలసి వచ్చింది.