కొళాయి చివరి నీరు



కాలువ తలయందు నీరు నిండుగా పారినంతమాత్రమున చివరి ఆయకట్టు తడిసినట్లు కాదు. త్రాగునీటి గొట్టములకును ఈ న్యాయమే చెల్లును. తల కడ శుద్ధమైన నీరు చివరి కొళాయి కడ శుద్ధముగా నుండునని నమ్మరాదు.

హైదరాబాదునందలి జూబిలీహిల్సు, ఫిలింనగరులను నిదర్శనముగా గైకొందము. ఇవి రాతిగుట్టలపై వెలసిన పేటలు. చలనచిత్ర నిర్మాణశాలలకును ధనవంతుల మేడలకును చేరువనే పేదల బస్తీలు గుట్ట వాలున నున్నవి. 1908వ సంవత్సరపు మూసీ వరద పిమ్మట నిర్మింపబడిన ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు చెరువులు ఒకనాడు నగరమునకు ప్రధానాధారములు. నేడు కృష్ణా గోదావరుల నీరు నూరు కిలోమీటర్లకు మించిన దూరమునుండి వచ్చుచున్నది. దానిని వడగట్టి, క్లోరిను కలిపి, ఎత్తైన జలాశయములకు తోడి పంచుదురు.

అయితే నగరమున చాల భాగములకు నీరు దినము విడిచి దినము కొన్ని గంటలు మాత్రమే వచ్చును. నీరు ఆగగనే గొట్టములో ఒత్తిడి తగ్గును. పగుళ్లున్నచోట ప్రక్కనున్న మురుగు లోనికి చొచ్చును. 2009వ సంవత్సరము మే నెలలో నగరమునందలి భోలక్‌పూరులో కలుషితజలము వలన పలువురు మృతిచెందిరి.

ఇట్టి కీడును ముందుగా పసిగట్టుటకు సెన్సారులను యంత్రములు గలవు. క్లోరిను సెన్సారునందలి లోహపు కొనల మధ్య ప్రవహించు స్వల్ప విద్యుత్తు నీటిలోని క్లోరినును బట్టి హెచ్చుతగ్గులగును. వేరొకటి నీటిలోనికి కాంతిని ప్రసరింపజేసి, అది చెదరు తీరునుబట్టి మడ్డిని కొలుచును. మరియొకటి ఒత్తిడిని చూచును. ఈ లెక్కలు సెల్‌ఫోను తరంగముల ద్వారా కార్యాలయమునకు క్షణములో చేరును. పై గొట్టమున సరిగా నున్న క్లోరిను క్రింది గొట్టమున హఠాత్తుగా పడిపోయినచో, ఆ రెంటి నడుమ మురుగు చేరినదేమోయని వెదకవచ్చును. వీధులన్నియు త్రవ్వ నక్కఱలేదు.

కాని యంత్రమును జలాశయము కడనే నిలిపినచో ప్రయోజనము స్వల్పము. లీటరు నీటికి 0.2 మిల్లీగ్రాములకు తగ్గకుండ క్లోరిను మిగిలి యుండవలెననియు, దానిని వాడుకరి కొళాయి కడనే పరీక్షింపవలెననియు భారతీయ ప్రమాణము విధించుచున్నది. కావున గుట్ట కొసనున్న బస్తీ కొళాయి కడనే కొలత ముఖ్యము. సెన్సారు కొనలకు పాచి పట్టినచో లెక్క తప్పును గనుక, వానిని తుడిచి సరిచూచు మనిషియు, హెచ్చరిక రాగానే వాల్వు కట్టి గొట్టము బాగుచేయు మనిషియు నుండవలెను.

మన గ్రామములకు ఇంత వ్యయమైన యంత్రములు నేడే రాకపోవచ్చును. అయినను 2019వ సంవత్సరమున ప్రారంభమైన జలజీవన మిషను క్రింద గ్రామమునకు ఐదుగురు స్త్రీలకు నీటిపరీక్ష నేర్పు ఏర్పాటు కలదు. మీ సంఘము వారి తోడ్పాటుతో వారమునకొకసారి ఊరి చివరి కొళాయి నీటిని పరీక్షింపించి, ఫలితమును పంచాయతీ గోడపై వ్రాయించుఁడు. ట్యాంకు క్రింది కొళాయిని చూచి తృప్తిపడకుఁడు. చివరి యింటి బిడ్డ త్రాగు నీరే ఊరి నీరు.