పాత వెండి నాణెం తక్కెడకెక్కే ముందు

వాన మొహం చాటేసిన ఏడాది బత్తలపల్లె ప్రాంతంలో ముందుగా గడప దాటేది ఇంట్లోని వెండే. కడియాలు, కుంకుమ భరిణె, పిల్లల మొలతాళ్లు ధర్మవరం దుకాణాలకు చేరతాయి. ఆ మూటలో పెద్దలు దాచిన పది రూపాయల వెండి నాణెం ఉంటే, దాన్ని పక్కకు తీసి పెట్టండి.

దాని మీద గాంధీజీ ముఖం, 1869–1948 అన్న అంకెలు ఉంటే అది ఆయన శతజయంతికి 1969లో వచ్చిన నాణెం. పార్లమెంటు భవనం, జెండా, 1947–1972 కనిపిస్తే స్వాతంత్ర్య రజతోత్సవానిది. రెండోది 22.5 గ్రాములు, మొదటిది 15 గ్రాములే. అయినా వెండి ఎక్కువున్నది చిన్నదాంట్లోనే! అందులో 80 శాతం, అంటే 12 గ్రాముల వెండి ఉంది. రజతోత్సవ నాణెంలో వెండి సగమే, 11.25 గ్రాములు. చేతి బరువును నమ్మి బేరమాడితే నష్టపోయేది ఇక్కడే.

తర్వాతి కాలంలో ఇలాంటివి వంద రూపాయల నాణేలుగా వచ్చాయి. 2005లో దండియాత్రకు, ఆ తర్వాత భగత్ సింగ్ శతజయంతికి విడుదల చేశారు. జలియన్‌వాలాబాగ్ దారుణానికి నూరేళ్లు నిండిన 2019లో అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు అమృత్‌సర్‌లో ఆ స్మారక నాణేన్ని విడుదల చేశారు. ఈ రకం నాణెం బరువు 35 గ్రాములు. అందులో సగం వెండి, 40 శాతం రాగి, మిగిలింది నికెల్, జింకు. ఇవి సంతలో చేతులు మారే డబ్బు కాదు. సేకరించేవాళ్ల కోసం టంకశాలలు బుకింగు మీద అమ్ముతాయి, అదీ ముఖవిలువకు ఎన్నో రెట్లు. అందుకే లాభం కోసం కొనమని నేను చెప్పను. స్వాతంత్ర్య పోరాటం మీద ప్రేమ ఉంటే కొనండి.

నాణెం మీద రూపాయల విలువ తప్పక ఉంటుంది. అది లేకపోతే పతకం. పతకాలను ప్రైవేటు సంస్థలూ పోస్తాయి కాబట్టి, స్వచ్ఛత గుర్తు చూడకుండా డబ్బివ్వకండి.

ఇంకొకటి, ఇది మన ఆడవాళ్లకు ముఖ్యంగా చెప్పాలి. నాణెం నల్లబడిందని చింతపండుతోనో విబూదితోనో తోమకండి. రాగి కలిసిన వెండి నల్లబడటం సహజం. తోమితే అచ్చులోని సన్నగీతలు అరిగిపోతాయి, సేకరించేవాళ్లు దాన్ని ముట్టుకోరు. మెత్తటి ప్లాస్టిక్ కవర్లూ మంచివి కావు. పొడి కాగితంలో చుట్టి, అంచు పట్టుకుని తీయడం చాలు.

రజతోత్సవ నాణెం వచ్చిన 1972లోనే స్వాతంత్ర్య సమరయోధులకు ప్రభుత్వం తామ్రపత్రాలు ఇచ్చింది. అవి రాగివి, తూకానికి వేస్తే పెద్దగా ఏమీ రాదు. కానీ ఒక్కో రకం వెండి నాణేలన్నీ ఒకే అచ్చు. తామ్రపత్రం మాత్రం ఒక మనిషికి, ఆయన చేసిన పనికి ఇచ్చింది. ఇంట్లో తాతగారిది ఉంటే ఆయన ఏ ఊళ్లో పట్టుబడ్డారో, ఏ జైల్లో ఉన్నారో తెలిసినవాళ్లు ఉండగానే అడిగి రాసుకుని, ఆ కాగితాన్ని దానితోపాటే దాచండి.