మంచుకొండల పూలమొక్కలు

పూలమొక్కలను పెంచుట మానవునకు అనాదిగా ప్రియమైన వ్యాసంగము. మన యిండ్ల ముంగిట బంతి, చేమంతి, మల్లె, మందారము మొదలగు మొక్కలను పెంచుచున్నాము. వాటికి మంచి యెరువు వేసి, వేళకు నీరు పోసినచో అవి ఏపుగా పెరిగి విరగబూయును. ఎంత పోషించిన అంత ఫలమని మన యనుభవము. కాని అధికముగా పోషించినచో నశించు మొక్కలు కూడ లోకమున కలవు. అవి ఎత్తైన పర్వతములపై, చెట్లు సైతము పెరుగజాలని చోట్ల, బండల నడుమ బ్రతుకు చిన్న మొక్కలు. వాటిని పెంచుట, ప్రదర్శనలలో ఉంచుట, వాటి ఛాయాచిత్రములు తీయుట బ్రిటన్ మొదలగు చలిదేశములలో పలువురకు ప్రీతికరమైన వ్యాసంగమై యున్నది. ఆ వ్యాసంగ మెట్టిదో, అది నేర్పు పాఠమేమో తెలిసికొందము.

పర్వతము నెక్కుచు పోయినకొలది చలి హెచ్చును. ప్రతి వేయి మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గును. ఒక యెత్తు దాటిన పిదప చెట్లు పెరుగవు. ఈ హద్దునకు వృక్షరేఖ యని పేరు. ఐరోపాలోని ఆల్ప్సు పర్వతములలో ఇది సుమారు 2,000 మీటర్ల యెత్తున ఉన్నది. హిమాలయములలో పెక్కుచోట్ల 3,500 మీటర్లకు పైగా ఉన్నది. ఈ రేఖకు పైన, శాశ్వత హిమమునకు దిగువన బ్రతుకు మొక్కలకు ఆల్ప్సు పర్వతముల పేరు మీదుగా ఆల్పైన్ మొక్కలని పేరు వచ్చినది. నేడు హిమాలయములలోను, ఆండీస్ పర్వతములలోను, న్యూజిలాండు కొండలలోను పెరుగు ఇట్టి మొక్కలను కూడ ఆ పేరుతోనే పిలుచుచున్నారు.

ఈ సీమలోని జీవితము కఠినమైనది. సంవత్సరమున పెక్కు నెలలు నేల మంచుతో కప్పబడి యుండును. మంచు కరగిన పిదప రెండు మూడు నెలలలోనే మొక్క చిగిర్చి, పూచి, విత్తనము కట్టవలెను. పగలు ఎండ తీక్ష్ణముగా కాయును. రాత్రియైనంతనే నీరు గడ్డకట్టునంత చలి వేయును. గాలి యెడతెగక వీచును. నేలలో రాళ్ళు, ఇసుక తప్ప సారము స్వల్పము. ఇట్టి చోట బ్రతుకుటకు ఆ మొక్కలకు చక్కని ఉపాయములు ఏర్పడినవి. వాటిలో పెక్కింటి యెత్తు బెత్తెడు మించదు. కొన్నింటి కొమ్మలు ఒకదాని నొకటి ఒరసికొని దట్టముగా పెరిగి, గుండ్రని చిన్న దిండువలె ఏర్పడును. గాలి ఆ దిండుపైనుండి జారిపోవును. ఎండ కాయునపుడు దాని లోపలి వెచ్చదనము వెలుపలి గాలికంటె చాల హెచ్చుగా నుండును. ఎడెల్వైస్ అను మొక్క తన ఆకులను, పూలను తెల్లని నూగుతో కప్పుకొని, తీక్ష్ణమైన యెండనుండియు, తేమను హరించు గాలినుండియు తన్ను తాను కాపాడుకొనును. మొక్క చిన్నదైనను వేరు బండల పగుళ్ళలో లోతునకు దిగి నీటిని వెదకికొనును. సాక్సిఫ్రేజ్ అను జాతి పేరునకు లాటిను భాషలో రాతిని పగులగొట్టునది యని అర్థము. జెన్షియన్ అను మరియొక జాతిలో కొన్ని మొక్కలు నేలను అంటియుండి, మొక్కకంటె పెద్దవిగా తోచు ముదురు నీలిపూలను పూయును.

మంచు ఈ మొక్కలను చంపునని మనకు తోచును. నిజమునకు శీతకాలమంతయు మంచు వాటిని కంబళివలె కప్పి కాపాడును. పైన ఎంతటి చలిగాలి వీచినను, దట్టమైన మంచు క్రింది నేల సుమారు సున్న డిగ్రీలవద్దనే నిలిచి యుండును. నీరు గడ్డకట్టి యుండుటచే మొక్కకు తడి సోకదు. అది నెలల తరబడి నిద్రించి, వసంతమున మేల్కొనును.

ఇట్టి మొక్కను బ్రిటన్ దేశపు పల్లమునకు తెచ్చినచో దానికి చలికంటె తడి యెక్కువ ప్రమాదకరము. అచట శీతకాలమున మంచు చాల దినములు నిలువదు. చినుకులు మాత్రము విడువక పడుచుండును. నూగుటాకులలో నీరు నిలిచి కుళ్ళు పుట్టును. సారవంతమైన మన్నులో నాటినచో మొక్క పొడుగుగా, వదులుగా సాగి, సహజరూపమును కోల్పోయి, తుదకు చచ్చును. కావున ఈ మొక్కలను పెంచువాడు మొట్టమొదట నేర్వవలసిన దొక్కటి కలదు. మొక్క పుట్టినచోట నేల యెట్టిది, నీరెంత, ఎండ యెంత, గాలి యెంత యని విచారించి, ఆ స్థితిని తన తోటలో కల్పింపవలెను. దయతో చేసిన అతిపోషణ ఇచట హింస యగును.

పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపాలో బండలను పేర్చి రాతితోటలు నిర్మించుట వ్యాపించినది. లండను సమీపమునగల క్యూ ఉద్యానములో 1882లో అట్టి తోట ఏర్పడినది. ఈ వ్యాసంగమును జనసామాన్యమునకు చేర్చినవారిలో రెజినాల్డ్ ఫారర్ ముఖ్యుడు. 1880లో జన్మించిన ఈ ఆంగ్లేయుడు యార్క్‌షైర్ మండలములోని క్లాపమ్ గ్రామమున తన యింట రాతితోట పెంచెను. తన యనుభవములను గ్రంథములుగా వ్రాసెను. 1914లో చైనా దేశపు వాయవ్యమునగల కాన్సు ప్రాంతమునకు పోయి మొక్కలను, విత్తనములను సేకరించెను. 1920లో ఉత్తర బర్మా కొండలలో మొక్కలకై సంచరించుచు నలువదవ యేట మరణించెను. నేటికిని ఒక జెన్షియన్ మొక్క ఆయన పేర పిలువబడుచున్నది. 1929లో బ్రిటన్‌లో ఆల్పైన్ గార్డెన్ సొసైటీయు, 1933లో స్కాటిష్ రాక్ గార్డెన్ క్లబ్బును స్థాపింపబడినవి. 1934లో అమెరికాలోను ఇట్టి సంఘమే వెలసినది.

ఇక పెంచు విధానమును చూతము. ఈ మొక్కలకు నీరు నిలువని నేల ముఖ్యము. మన్ను, ఆకుకుళ్ళు ఎరువు కొంత కొంత తీసికొని, అందు సన్నని గులకరాళ్ళను సమృద్ధిగా కలుపుదురు. నాటిన పిదప మొక్క మెడచుట్టును గులకరాళ్ళను పరతురు. దానివలన పడిన నీరు వెంటనే జారి, మొక్క మొదలు పొడిగా నుండును. పూర్వము పశువులు నీరు త్రాగిన రాతితొట్లలో అడుగున రంధ్రము చేసి, చిన్న పర్వతసీమవలె తీర్చి పెంచువారు కలరు. పలుచని రాళ్ళను నిలువుగా, దగ్గర దగ్గరగా పాతి, ఆ సందులలో మొక్కలను నాటు పద్ధతిని చెక్ దేశపు తోటవారు బాగుగా వృద్ధి చేసిరి. వేరు రాళ్ళనడుమ లోతునకు దిగి చల్లగా నుండును. మెడ తడి తగులక పొడిగా నుండును.

మిక్కిలి సున్నితమైన మొక్కలకు గాజుటింటిని కట్టుదురు. మొక్కలను వెచ్చగా నుంచుటకే గాజుటిల్లని మనము తలచుదుము. ఈ గాజుటింటిలో వెచ్చదనము కల్పించు పనియే లేదు. దాని కిటికీలు శీతకాలమునను తెరచియే యుండును. వానను ఆపి, గాలిని రానిచ్చుటయే దాని ప్రయోజనము. మట్టికుండీలను ఇసుకలో పాతి, ఇసుకను మాత్రము తడుపుదురు. ఆ తేమ కుండీగోడ ద్వారా మెల్లగా వేరును చేరును. ఇరాన్ దేశపు కొండచరియలలో వాన తగులని చాటున పెరుగు డయోనీషియా అను దిండుమొక్కను ఇట్లే పెంచుదురు. దాని ఆకులపై నీటిబొట్టు నిలిచినను ప్రమాదమే.

విత్తనముల విషయమున ఓర్పు కావలెను. పెక్కు మొక్కల విత్తనములు చలి తగులనిదే మొలకెత్తవు. శరత్కాలమున రాలిన విత్తనము వెంటనే మొలచినచో శీతకాలమున నశించును. అందుచే చలికాలము గడచినదని తెలియువరకు అది నిద్రించును. ఈ రహస్యము నెరిగిన తోటవారు విత్తిన కుండీలను చలిలోనే ఆరుబయట ఉంచుదురు. కొన్ని విత్తనములు రెండవ సంవత్సరమునగాని మొలకెత్తవు. మొలవలేదని కుండీని పారవేయువానికి ఈ మొక్కలు దక్కవు.

ఏండ్ల తరబడి చేసిన కృషిఫలము ప్రదర్శనలలో కానవచ్చును. బ్రిటన్‌లో ఈ ప్రదర్శనలు ముఖ్యముగా వసంతకాలమున జరుగును. ఒక్క కుండీ, మూడు కుండీలు, ఆరు కుండీలు అని తరగతు లేర్పరచి, కుండీల పరిమాణమునకును హద్దులు పెట్టుదురు. ప్రదర్శకుడు కుండీని కడిగి, ఎండుటాకులను సన్నని పటకారుతో తీసివేసి, పైన కొత్త గులకరాళ్ళు పరచి, మొక్క పేరు వ్రాసి బల్లపై నుంచును. న్యాయనిర్ణేతలు మొక్క ఆరోగ్యమును, పూల సమృద్ధిని, దానిని పెంచుటలోని కష్టమును విచారింతురు. కేవలము పెద్దదిగా ఎదిగినంత మాత్రమున బహుమానము రాదు. దిండువలె బిగువుగా నుండవలసిన మొక్క వదులుగా సాగినచో అది లోపముగానే లెక్కింపబడును. ఆల్పైన్ గార్డెన్ సొసైటీ ప్రదర్శనలలో అన్నిటికంటె మేటి మొక్కకు ఫారర్ పేర పతకము నిత్తురు. పతకము లభించినను లభింపకున్నను, ఒకరి యనుభవమును మరియొకరు అడిగి తెలిసికొనుట అచటి గొప్ప లాభము.

ఛాయాచిత్రములు తీయుట ఈ వ్యాసంగమున మూడవ భాగము. పువ్వు అంగుళమంత, అది నేలకు అంటియుండును. నిలుచుండి తీసినచో దాని యందము పటమున రాదు. కావున తీయువాడు నేలపై పండుకొని, కెమేరాను పువ్వుతో సమముగా పట్టవలెను. దగ్గరి వస్తువులను పెద్దవిగా చూపు ప్రత్యేకమైన కటకమును వాడుదురు. గాలికి పువ్వు కదలిన చిత్రము చెడును గనుక, గాలి నెమ్మదించు ఉదయవేళ మేలు. నడియెండలో తెల్లనిపూల వివరములు మాయమగును. పలుచని మబ్బు కమ్మిన వెలుగు అనుకూలము. పూర్వము ఫిలిముపై కొన్ని నీలిపూలు ఊదారంగుగా పడుచుండెడివి. పువ్వుతోపాటు ఆకులను, చుట్టునున్న రాళ్ళను కూడ చూపు చిత్రము ఉత్తమమైనది. మొక్క ఎట్టిచోట బ్రతుకుచున్నదో పెంచువానికి అది బోధించును. చిత్రమునకై ప్రక్క మొక్కలను పెరుకుట, తొక్కుట మహాదోషము.

ఈ హెచ్చరికకు కారణము కలదు. ఒకప్పుడు ఈ మొక్కలపై గల ప్రీతియే వాటికి శత్రువైనది. ఆల్ప్సు పర్వతములకు వచ్చిన యాత్రికులు ఎడెల్వైస్ మొక్కలను వేళ్ళతో పెరికి కొనిపోసాగిరి, అమ్ముకొనువారును బయలుదేరిరి. స్విట్జర్లాండులోని ఓబ్వాల్డెన్ అను చిన్న రాష్ట్రము 1878లోనే దీనిని నిషేధించి శాసనము చేయవలసి వచ్చినది. నేడు ఈ సంఘముల సభ్యులు తమ తోటలలో పండిన విత్తనములను ఒకరికొకరు పంచుకొందురు. ఒక మొక్క విత్తనములనుండి నూరు తోటలు నిండగలవు. కొండపై నొక మొక్కయు తగ్గదు. అరుదైన మొక్కను చిత్రముగా మాత్రమే ఇంటికి తెచ్చుకొందురు.

ఇట్లు ఊరు, తేదీ, ఎత్తు వ్రాసి ఉంచిన వివరములు శాస్త్రజ్ఞులకును ఉపకరించును. స్విట్జర్లాండులో పిట్స్ లినార్డ్ అను శిఖరము 3,410 మీటర్ల యెత్తు గలది. 1835లో ఓస్వాల్డ్ హేర్ అను పండితుడు దాని కొనపై ఒకే యొక జాతి పూలమొక్కను కనుగొనెను. 2011లో అచట 16 జాతులు కానవచ్చినవి. భూమి వేడెక్కుచుండుటచే దిగువ మొక్కలు పైకి ప్రాకుచున్నవి. శిఖరమున నున్న మొక్కకు ఇంకను పైకి పోవుటకు చోటు లేదు. నాడు ఒకడు శ్రద్ధతో చూచి వ్రాసియుంచినందుననే ఈ మార్పు మనకు తెలిసినది.

మన దేశమున ఇట్టి పుష్పసీమలకు హిమాలయములు పుట్టిల్లు. ఫ్రాంక్ స్మైత్ అను పర్వతారోహకుడు 1931లో కామెట్ శిఖరము నెక్కి తిరిగి వచ్చుచు గఢ్వాల్ ప్రాంతమున పూలతో నిండిన యొక లోయను చూచెను. 1937లో మరల వచ్చి, మరుసటి యేడు దానిని గూర్చి గ్రంథము ప్రకటించెను. అది చదివి జోన్ మార్గరెట్ లెగ్ అను ఆంగ్లవనిత 1939లో మొక్కల సేకరణకై అచటికి వచ్చి, కొండచరియనుండి జారిపడి మరణించెను. ఆమె సమాధి నేటికిని ఆ లోయలో కలదు. ఈ పూలలోయ 1982లో జాతీయోద్యానమైనది. 2005లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపు పొందినది. బదరీనాథమునకు పోవు తెలుగు యాత్రికులు ఆ త్రోవనుండి కొంత దూరము ప్రక్కకు నడచి దీనిని చూడవచ్చును. నిజమైన బ్రహ్మకమలము ఈ హిమాలయ సీమలదే. దాని పూగుత్తిని పలుచని లేతరంగు పత్రములు గాజుటింటివలె కప్పి కాపాడును. మన యిండ్లలో రాత్రివేళ పూయు బ్రహ్మకమలము అమెరికా అడవులనుండి వచ్చిన వేరొక మొక్క. అది జెముడు కుటుంబమునకు చెందినది.

మన మైదానముల వేడిమిలో ఆల్పైన్ మొక్కలు బ్రతుకవు. వాటిని తెచ్చి పెంచ యత్నించుట వాటికి హాని చేయుటయే. కాని వాటిని పెంచువారి పద్ధతి ఎచటనైనను పనికివచ్చును. విద్యార్థులారా! మీ యూరి గుట్టపై బండసందున మొలచిన యొక మొక్కను ఎన్నుకొనుడు. దానికి నీరెచటనుండి వచ్చుచున్నదో, వేసవిలో అది యెట్లు నిలిచినదో, ఎప్పుడు పూచినదో చూచి, తేదీతో వ్రాసి ఉంచుడు. వీలైనచో దాని చిత్రము తీయుడు. మొక్కను మాత్రము దాని చోటనే ఉండనిండు.